పాలవ్వ మెంతిగంప

పాలవ్వ పోయిందని నాకు ఎవరూ చెప్పలేదు. గడప మీద బోర్లించిన చెంబు చూసి తెలుసుకున్న.

మా గౌలిపురలో పాలమ్మే ఇండ్లకు ఒక పద్ధతి ఉంది. పాలు అయిపోతే ఇత్తడి చెంబును గడప మీద బోర్లిస్తారు. గల్లీ మలుపులోనే అది చూసి గిరాకీ వెనక్కి తిరిగిపోతుంది. పిలిచే పని లేదు, అడిగే పని లేదు. పాలవ్వ చెంబు పొద్దు బాగా ఎక్కితే గానీ బోర్లపడేది కాదు. మొన్న మంగళవారం నేను గిన్నె పట్టుకొని పోయేసరికి ఇంకా వాకిండ్ల ముందు నీళ్ళు చల్లలేదు, చెంబు మాత్రం బోర్లించి ఉంది. కోడలు లోపలి నుంచి వచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అవ్వ పోయింది బాపూ. దూడను ఇడువవోయి గట్లనే గుంజకు ఒరిగి కూసున్నది. లేపితే లేవలే."

ఆ దుఃఖం గురించి నేనిక్కడ పెద్దగా రాయబోవడం లేదు. డెబ్బై దాటిన మనిషి, పని చేస్తూ చేస్తూ పోయింది. దుఃఖం నా ఇంట్లో నేను పడతాను. రాయవలసింది ఆ సాయంత్రం సంగతి. మా పఠనమందిరం గోడకు కార్యదర్శి గారి ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక కాగితం అంటించి ఉంది: "మన సభలకు చిరకాలం పాలు సమకూర్చిన వృద్ధురాలి మృతికి సంతాప సభ."

పాలు సమకూర్చిందట!

పాఠకులారా, మీలో చాలామంది ఆ పఠనమందిరం వాకిట్లో చాపల మీద కూర్చొని మా ఉపన్యాసాలు విన్నవారే. చోటు దొరక్క గల్లీలో నిలబడి విన్నవారూ ఉన్నారు. నేను బాగా మాట్లాడతానని నన్ను మెచ్చుకున్నారు కూడా. మీకు నా మాట వినబడిందంటే ఆ వినబడడం పాలవ్వ చేసిపెట్టిన వస్తువు. నా గొంతు ఎంతదో నాకు తెలుసు, మా ఇంట్లో పక్క గదిలోకి పోదు. ఆమె పోసిన పాలు తాగి మేము అరిగించుకున్నాం, నిజమే. కానీ ఆమె చేసిన పని ఆరేళ్ళు మా నోటికి ముందు వేలాడింది. అది ఎవరికీ జ్ఞాపకం రాలేదు. పాలు జ్ఞాపకం వచ్చాయి!

మొదటి నుంచి చెప్తా.

యుద్ధం మొదలైన కొత్తలో ఒక నవాబు దేవిడీలో పారేయబోతున్న రేడియో మా పఠనమందిరానికి చేరింది. పెట్టె మొత్తం చెదలు తినేసింది, లోపలి సరంజామా బతికే ఉంది. లాడ్ బజార్‌లో గాజుల దుకాణాల వెనక చిన్న గదిలో రేడియోలు బాగుచేసే మెకానిక్ సాబ్ వచ్చి, చెక్కపొడిని ఊదేసి, కాగితపు గరాటు లాంటి స్పీకర్‌ను బయటికి తీసి, రేడియో వెనక రెండు తీగెలు కలిపి మైకు పెట్టాడు. బస్తీలో మాకు మైకు వచ్చిందని మేము ఎగిరి గంతేసినంత పని చేసినం.

మొదటి సభలో నేనే వక్తను. విషయం స్త్రీల అభ్యుదయం. స్త్రీలు ఎక్కడున్నారంటారా? గల్లీలో ఉన్నారు. మందిరం చిన్నది, వాకిలి మగవాళ్ళతో నిండింది, ఆడవాళ్ళు ఎదుటి గడపల మీద కూర్చొని వినాలని ఏర్పాటు. ఏర్పాటు అంటే ఎవరూ చేయలేదు, దానంతట అదే అయింది. ఇటువంటివి ఎప్పుడూ దానంతట అవే అవుతాయి. గమనించారా మీరు?

బల్ల మీద బోడిగా పెట్టిన ఆ స్పీకర్‌లో నా కంఠం సీసాలో పడ్డ ఈగలాగ జుమ్మంటోంది. నేను మాత్రం ఉద్రేకంగా మాట్లాడుతున్న. గోడ మీదుగా చూస్తే గల్లీ చివర పాలవ్వ నిలబడి చెంబు నెత్తికి ఎత్తి బోర్లించి చూపిస్తోంది. ఇప్పుడు ఎవరు పాలడిగారు ఈమెను అనుకొని నా ధోరణిలో నేను పోయిన. ఆమె చెయ్యి దించలేదు. గంటసేపు ఎట్ల పట్టుకుందో!

సభ అయిన తర్వాత ఆమె లోపలికి వచ్చింది. ఆ గడప తొక్కడం అదే మొదలు. ఎవరినీ పలకరించకుండా బల్ల దగ్గరికి పోయి, మెకానిక్ సాబ్ మైకు ముందు వేలితో టకటకలాడిస్తుంటే, స్పీకర్ ముందు ఒక అరచెయ్యి, వెనక ఒక అరచెయ్యి పెట్టి చూసింది.

"చెంబు ఎందుకు బోర్లించినవ్, పాలు అయిపోయినయా అవ్వా?" అన్న నేను.

"పాలు గాదు పంతులూ, నీ మాట. నాలుగిండ్ల అవుతలికి ఒక్క ముక్క రాలే. నీ చేతులు ఊగుడు గనవడ్డది, గంతే." మళ్ళీ స్పీకర్ వైపు తిరిగింది. "దీనికి ఎనకకెళ్ళి గూడ మాటొస్తాంది గద. ముంగటి మాట, ఎనక మాట కొట్లాడుకుంటున్నయి. దానికది మింగుతాంది. ఎనకదాన్ని పట్టి ఏడన్న కూసోవెట్టుండ్రి."

కార్యదర్శి గారు నవ్వారు. నేనూ నవ్విన. దాచుకోవడం ఎందుకు? మెకానిక్ సాబ్ నవ్వలేదు. స్క్రూడ్రైవర్ చెవి మీద పెట్టుకొని ఆమె వైపు చూశాడు.

"అమ్మా బరాబర్ బోల్‌రే, సరిగ్గ జెప్పింది. పెట్టె గావాలె దీనికి. పెట్టె లేకుంటే బేకార్."

చదివినవాడు గుర్తుపట్టలేదు, చెయ్యి పెట్టి పనిచేసేవాడు గుర్తుపట్టాడు. ఇంతకూ ఆమెకు ఎట్ల తెలిసిందంటే, వెలుతురు లేని కొట్టంలో యాభై ఏళ్ళు పాలు పిండిన మనిషి. ధార పడే చప్పుడును బట్టి గిన్నె ఎంత నిండిందో చెప్పేది. కొత్త కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో మూడు చోట్ల కొట్టి, చెవి ఆనించి, "దీనికి నడుమల జబ్బున్నది" అని పక్కన పెట్టేది. ఆ కుండ నెల తిరగకుండా పగిలేది. ఇది శాస్త్రం కాదంటారు మన పెద్దలు. సంఖ్యలేసి కాగితం మీద రాస్తే శాస్త్రం, వేలితో కొట్టి వింటే అలవాటు. ఆ తేడా ఎవరు పెట్టారయ్యా? పాలవ్వ చదువుకోలేదు అని అందరూ అంటారు. ఎవరు చదువుకోనివ్వలేదు అనే మాట మాత్రం ఒక్కడూ అనడు.

పెట్టె కోసం ఆమె పడ్డ తిప్పలు నేను దగ్గరుండి చూసిన. మొదట పెరుగు తోడువేసే పెద్ద కాగు తెచ్చి స్పీకర్‌ను దాని మూతి మీద కూర్చోబెట్టించింది. నా మాట నూతిలో నుంచి భూతం పిలిచినట్టు వచ్చింది. తర్వాత గాసునూనె రేకు డబ్బా. ప్రతి మాటకూ జల్లుమని తానూ ఒకటి అంటుంది. ఆమె దాన్ని కాలితో పక్కకు నెట్టి చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

"గిది నీ మాటకు మాట గలుపుతాంది పంతులూ. మనకు మాట గలుపని పెట్టె గావాలె. ఇని ఊకుండేది."

చివరికి గంప. కాగితం నానబెట్టి, మెంతిపిండి కలిపి, రోట్లో మెత్తగా రుబ్బి చాటలకూ గంపలకూ పూత పూయడం మన ఆడవాళ్ళందరికీ తెలిసిన పనే. ఎండితే గట్టిపడుతుంది, సందుల్లో పిండి రాలదు. ఆ పూతనే వెదురు గంపకు లోపలా బయటా మందంగా పూసి, దాని మూతికి పీట బిగించి, పీటకు రంధ్రం కోసి, అక్కడ స్పీకర్ పెట్టాలని ఆమె ఆలోచన. పూత చప్పుడు చేయదట, మూగదట.

పూతకు కాగితం కావాలి. యుద్ధం రోజులు, కాగితం ఎక్కడ దొరుకుతుంది? మా పఠనమందిరం బీరువాలో దొరికింది. మేము ఎన్నో ఏళ్ళుగా చేసిన తీర్మానాల చిత్తుప్రతులు కట్టలు కట్టలుగా ఉన్నాయి. ఒక కట్ట నేనే మోసుకొని పోయి ఆమె వాకిట్లో వేసిన.

"అమ్మో, గిన్ని మాటలా!" అని ఆమె కట్టను తిరగేసి చూసింది. అక్షరం రాదు కనుక తలకిందులుగా చూసింది. "ఏం రాసిండ్రు పంతులూ గిండ్ల?"

"స్త్రీవిద్య గురించి అవ్వా. రాత్రిబడి గురించి, బస్తీ అభివృద్ధి గురించి."

"గిండ్ల ఏదన్న అయిందా?"

నేను వంగి కట్ట తాడు విప్పిన.

"నానుతయి తియ్యి," అని కుడితి కాగులో పడేసింది.

ఇక్కడ ఒక పొరపాటు జరిగింది. గౌలిపురలో తప్ప ఇంకెక్కడా జరగని పొరపాటు. పూత గట్టిగా ఉంటుందని ఆమె అందులో తవుడు కూడా కలిపింది. అంటే మెంతులు, తవుడు, గంజి. ఆరబెట్టింది ఎక్కడ? కుడితి తొట్టి పక్కన. ఇంట్లో ఉన్నది మూడు బర్రెలు. మరునాడు పొద్దున నేను, మెకానిక్ సాబ్ స్పీకర్ పట్టుకొని పోతే అవ్వ కొట్టంలో నడుము మీద చేతులు పెట్టుకొని నిలబడి ఉంది. ముందు పెద్ద బర్రె, దాని నోట్లో వెదురు బద్ద. పూత మొత్తం నాకేసి, గంప అంచు నములుతోంది.

"సూస్తున్నవా పంతులూ," అంది అవ్వ చాలా గంభీరంగా. "మీ తీర్మానాలు మొత్తం అరిగించుకున్నది గీ ఒక్కటే."

మెకానిక్ సాబ్ కిందపడి నవ్వాడు. ఈ సంగతి తెలిసి కార్యదర్శి గారు మాత్రం ఆడవాళ్ళ చేతికి సాంకేతిక విషయాలు ఇస్తే ఇట్లనే ఉంటుందని పదిమందిలో అన్నారు. మాకు మైకు వచ్చిన నాడు ఎక్కువ వినబడాలని స్పీకర్‌ను నీళ్ళబానలో దించబోయిన మనిషి ఆయన. అది ఎవరూ ఎన్నడూ ఎత్తిచూపలేదు!

రెండో గంపకు ఆమె పూతలో వేపాకు నూరి కలిపింది. బర్రె వాసన చూసి మొహం తిప్పుకుంది. కోడలి రొట్టెల పీట పోయింది. "అత్తా, రొట్టెలు నీ గంప మీద జేయాల్నా?" అని కోడలు లొల్లి పెట్టింది, కానీ పీటను తానే కడిగి ఇచ్చింది. పీట అంచు గంపకు అతుక్కోవడానికి లక్క కావాలి. అవ్వ పాలు పోసే గాజుల ఇండ్లలో లాడ్ బజార్ లక్క ముక్కలు అడిగి తెచ్చింది. అందుకే ఆ గంప అంచుకు ఎర్రటిది, ఆకుపచ్చది, పసుపుపచ్చది, ముక్కలు ముక్కలుగా రంగులుండేవి. లోపల పాత బొంత చీల్చి దూది పెట్టింది.

ఇక ఆ దూది సవరించిన తీరు చెప్పకుండా ఉండలేను. నన్ను మైకు ముందు నిలబెట్టి ఒకే వాక్యం చెప్పించేది: "బర్రె బువ్వ దిని సల్ల దాగింది." బర్రె, బువ్వ ఉబ్బకూడదు. సల్ల అన్నప్పుడు ఆ స అనేది చావకూడదు. ఆమె గల్లీ చివరికి పోయి నిలబడేది. చెంబు బోర్లిస్తే వినబడలేదని, నిలువుగా నెత్తిన పెట్టుకుంటే వచ్చిందని గుర్తు. నేను చెప్తున్న, చెంబు బోర్లించి ఉంది. మెకానిక్ సాబ్ ఒక గుప్పెడు దూది తీశాడు. బోర్లించే ఉంది. ఇంకో గుప్పెడు. మళ్ళీ చెప్పిన. బర్రె బువ్వ దిని సల్ల దాగింది. నలభైసార్లు చెప్పి ఉంటాను. నా జీవితంలో ఏ సిద్ధాంతాన్నీ అన్నిసార్లు వల్లించలేదు. అప్పుడు గల్లీ చివర చెంబు నెమ్మదిగా తిరిగి ఆమె నెత్తిన నిలబడింది. చేతులు వదిలేసి నిలబడ్డది అవ్వ. నవ్వుతోందని అంత దూరం నుంచి కూడా తెలిసింది.

ఆ తర్వాత ప్రతి సభకు ముందు వచ్చిన వక్త ఆ వాక్యం చెప్పాల్సిందే. పెద్ద పెద్ద పండితులు శాలువా సర్దుకొని బర్రె బువ్వ అన్నారు. ఒకాయన అది తన స్థాయికి తగదని ఊరికే హలో హలో అన్నాడు. అవ్వ చెంబు బోర్లించి ఇంట్లోకి పోయింది. ఆయన సభ వినబడింది గానీ, ఆయన చెప్పిందేమిటో ఇప్పుడు ఒక్కరికీ జ్ఞాపకం లేదు.

ఇంతవరకు రాసింది నాకు సులువు. రాయడానికి నా చెయ్యి రానిది ఇక ముందుంది.

గంప తయారైన నెలకో రెండు నెలలకో, ఒక పొద్దున పాలు పోస్తూ ఆమె నన్నడిగింది.

"పంతులూ, నేను గూడ ఒక్క మాట జెప్త. గా మైకుల."

"ఏం చెప్తవ్ అవ్వా?"

"మీ రాత్రిబడి గురించి. మీరు బడి పెట్టింది ఎప్పుడు? దీపాలు ముట్టిచ్చినంక. మాకు గప్పుడే బర్రెలొస్తయి, పిండుడు, కాగవెట్టుడు, తోడేసుడు. ఆడిదెవలొస్తది? మాకు పనిలేంది మిట్టమధ్యాన్నం. తిని ఊకె కూసుంటం, గోడలు జూసుకుంట. గప్పుడు బడి పెట్టుండ్రి. గీ గల్లీల పన్నెండు మంది ఒస్తమన్నరు. నేను అడిగిన. నేను గూడ ఒస్త. నాకు పేరు రాసుడు నేర్సుకోవాలెనని ఉన్నది."

ఇదీ ఆమె మాట. రెండు నిమిషాలు పట్టదు. మా బీరువాలోని కట్టలన్నిటికంటే ఇందులో ఎక్కువ పనికొచ్చే విషయం ఉంది. స్త్రీలు బడికి ఎందుకు రావడం లేదని మేము ఎన్ని సభలు పెట్టినం, వాళ్ళ అజ్ఞానం అన్నం, మూఢత్వం అన్నం, మగవాళ్ళ అణచివేత అన్నం! గంట మార్చితే వస్తారని ఒక్కరికీ తట్టలేదు.

నేను ఏమన్ననో వినండి. "చాలా మంచి మాట అవ్వా. వచ్చే సభలో తప్పకుండా చెప్పిస్తా."

వచ్చే సభకు ఆమె ఉతికిన చీర కట్టుకొని, తల దువ్వుకొని, మందిరం గడపకు ఇవతల కూర్చుంది. ముగ్గురు వక్తలం మాట్లాడినం. నేను గంటన్నర మాట్లాడిన. కార్యదర్శి గారు గడియారం చూపించి, "ఈసారికి వ్యవధి చాలలేదు, ఆమెది వచ్చేసారి చూద్దాం" అన్నారు. నేను సరేనన్న. ఆ తర్వాతి సభకూ ఆమె వచ్చింది. ఆ రోజు బయటి ఊరి పెద్దాయన వచ్చారు, ఆయన ముందు పాలామెను నిలబెడితే బాగుండదన్నారు. దానికీ నేను తలూపిన. సభ ముగిసేసరికి ఆమె లేచి, ఉతికిన చీర దులుపుకొని, పాలు పిండడానికి పోయింది. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు.

నేను అభ్యుదయవాదిని. పీడించేవాళ్ళను పేరు పెట్టి తిట్టి రాస్తాను, మీకు తెలుసు. కార్యదర్శి గారి మీద కోపంతో ఈ వ్యాసం మొదలుపెట్టిన, ఆ కోపం ఎక్కడికీ పోలేదు. కానీ ఆయన ఆమెకు మాట ఇవ్వలేదు, ఇచ్చింది నేను. ఆయన ఆమెను ఏమీ అనుకోలేదు, గొప్పగా అనుకున్నది నేను. గొప్పగా అనుకొని చేసిన పనేమిటి? ఆమె గంపలో నుంచి ఆరేళ్ళు ఆమెకే ఉపన్యాసాలు ఇచ్చిన.

ఆమె దాన్ని గమనించలేదనుకునేరు! ఒకసారి సభ ముందు గంపను గల్లీ గోడ కొయ్యకు తగిలిస్తూ అంది:

"పంతులూ, దీని మూతి ఎప్పుడు సూసినా మా దిక్కే ఉంటది. ఒక్కపారి మీ దిక్కు దిప్పి సూడుండ్రి."

"మా దిక్కు తిప్పితే ఎవరు వినాలె అవ్వా?"

"మీరే."

మేము అందరం నవ్వినం. మంచి హాస్యం అని కార్యదర్శి గారు అక్కడే ఒకరిద్దరికి చెప్పారు కూడా.

నిరుడు ఒక దేవిడీ పెద్దమనిషి మా మందిరానికి టేకు పెట్టె ఇచ్చారు. నున్నగా మెరుగు పెట్టింది, ముందు జరీగుడ్డ, పైన దాత పేరు చెక్కిన ఇత్తడి రేకు. మెకానిక్ సాబ్ కణుపుతో కొట్టి చూసి, "సాబ్, యే తో ఢోలక్ హై, ఒట్టి డోలు" అన్నాడు కార్యదర్శి గారితో. వినేవాడెవడు? స్పీకర్‌ను గంపలో నుంచి ఊడదీసి పెట్టెలో బిగించారు. గంపను బయట అరుగు మీద పెట్టారు. అది చూస్తే మందిరం పరువు పోతుందట, మెంతివాసన వస్తుందట. ఆరేళ్ళు రాని వాసన!

అవ్వ వచ్చి గంపను నెత్తికెత్తుకుంది. నేను అరుగు మీదే నిలబడి ఉన్న.

"ఏమనుకోకు అవ్వా," అన్న. సిగ్గులేని మాట, ఇప్పుడు రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

"నాకేం ఫికర్ లేదు పంతులూ. కోడిపిల్లలకు మస్తుంటది, దూది గూడ ఉన్నది లోపట," అని ఆగి, టేకు పెట్టె వైపు చూసి అంది: "గని గది మాట గలుపుతది. సూస్కో."

ఆ తర్వాత ఆమె గల్లీ చివర చెంబు పట్టుకొని నిలబడలేదు. ఎవరూ రమ్మనలేదు కనుక రాలేదు. మా సభలకు జనం పలచబడ్డారు. ప్రజల్లో చైతన్యం తగ్గిందని మేము ఒక తీర్మానం చేసినం.

ఇక సంతాప సభ. ఎప్పుడు పెట్టారో చూడండి: దీపాలు పెట్టే వేళకు. బర్రెలు వచ్చే వేళ, పాలు పిండే వేళ. పాలమ్మే మనిషి సంతాపానికి పాలమ్మేవాళ్ళు ఎవరూ రాలేని గంట వెతికి మరీ పెట్టారు. వెతకలేదు, దానంతట అదే అయింది. ఇందాకే చెప్పిన కదా.

ఒకాయన లేచి ఆమె మనసు పాలవంటిదన్నారు. ఇంకొకాయన మీగడవంటిదన్నారు. కార్యదర్శి గారు తీర్మానం చదివారు. అందులో గంప లేదు, దాత గారి టేకు పెట్టెకు కృతజ్ఞత మాత్రం ఉంది. ఎందుకంటే ఆ పెట్టెలో నుంచే కదా సంతాపం పోతున్నది.

నేను లేచిన. ఈసారి గంటన్నర మాట్లాడదలుచుకోలేదు. ఒక్కటే చెప్పదలుచుకున్న. "పాలవ్వ ఈ మైకులో చెప్పాలనుకున్న మాట ఒకటుంది. దాన్ని నేను ఇన్నేళ్ళు ఆపిన. ఇప్పుడు ఆమె మాటగా చెప్తున్న. ఈ గల్లీ ఆడవాళ్ళకు మధ్యాహ్నం పూట బడి కావాలె."

నా చెవికే తెలిసింది. టేకు పెట్టె గుమ్ గుమ్ మంటోంది. మధ్యాహ్నం అనే మాట లోపలికి పోయి అక్కడక్కడే తిరిగి, బయటికి వచ్చేసరికి అరుపుగా వచ్చింది. గోడ అవతల పాలు పిండుతున్న ఆడవాళ్ళు కొట్టాల్లో నుంచి తలలు బయటపెట్టారు. అవ్వ ఇంటి గడప మీద కోడలు నిలబడింది. చేతిలో చెంబు ఉంది. నా దిక్కు చూస్తూ దాన్ని నెత్తికెత్తి బోర్లించింది.

పక్క గడప మీద ఇంకొకామె చెంబు బోర్లించింది. ఆమె పక్కన ఇంకొకామె. గల్లీ పొడుగునా, పాలు పిండడం ఆపి, ఒక్కొక్కరే లేచి ఒక్కొక్క చెంబు బోర్లిస్తున్నారు. పాలవ్వ ఒక్కతే ఆ గుర్తు చూపించేది అనుకున్న నేను ఇన్నేళ్ళు. ఆమె అందరికీ నేర్పి పోయింది.

నేను అరిచిన. పెట్టె ఇంకా పెద్దగా మొత్తుకుంది.

"మెల్లగ, మెల్లగ! పెట్టె అదురుతోంది!" అని కార్యదర్శి గారు నా చొక్కా పట్టి లాగారు.

మైకు వదిలేసి కిందికి దిగిన. వాకిలి దాటి, అరుగు దిగి గల్లీలోకి పోయిన. పఠనమందిరం పెట్టిన తర్వాత సభ మధ్యలో ఆ గల్లీలోకి దిగిన మొదటి వక్తను నేనే అనుకుంటాను. కోడలి ముందు నిలబడి, ఆయాసపడుతూ, ఉత్త గొంతుతో ఆ మాట చెప్పిన.

ఆమె చెంబు దించింది.

"గీ మాట మాకెందుకు జెప్తున్నవ్ బాపూ? మాకు దెల్వదా? అవ్వ ఎన్నిపార్లు జెప్పలే మాకు?" చెంబుతో మందిరం దిక్కు చూపించింది. "పోయి గాళ్ళకు జెప్పు."

నా వెనక ఆ గదిలో తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గిందని చప్పట్లు వినబడ్డాయి. నేను లేనప్పుడు అది ఏకగ్రీవం ఎట్ల అవుతుందని నేను లిఖితంగా అడిగిన. జవాబు ఇంకా రాలేదు. మధ్యాహ్నపు బడి గురించి కూడా లిఖితంగా అడిగిన. అది పరిశీలనలో ఉందట.

మరునాడు మిట్టమధ్యాహ్నం అవ్వ ఇంటికి పోయిన. ఆమె చెప్పినట్టే ఉంది. తినడాలు అయినై, బర్రెలు మేతకు పోయినై, గల్లీలో గోడల నీడకు ఆడవాళ్ళు కూర్చొని ఎదుటి గోడలు చూస్తున్నారు. లెక్కపెట్టిన, పన్నెండు మంది. అవ్వ ఉంటే పదముగ్గురు. వాకిట్లో మెంతిగంప పక్కకు ఒరిగి పడి ఉంది. స్పీకర్ ఉండిన రంధ్రంలో నుంచి కోడిపిల్లలు ఒకటొకటిగా లోపలికీ బయటికీ తిరుగుతున్నాయి.

కోడలే లేచి, పిల్లలను అదిలించి, గంపను ఎత్తి దులిపింది. లోపలి దూది కొంచెం రాలింది. దాన్ని మోసుకొచ్చి, మందిరం ముందు గల్లీ గోడకు ఎప్పుడూ తగిలించే కొయ్యకే తగిలించింది. కాకపోతే ఈసారి మూతి గల్లీ వైపు కాదు. ఇటు తిప్పి, మా పఠనమందిరం కిటికీకి సూటిగా పెట్టి, వెనక్కి జరిగి ఒకసారి చూసి, కొంచెం సవరించింది.

ఆ గంపలో ఇప్పుడు స్పీకర్ లేదు, తీగె లేదు. రొట్టెల పీటకు కోసిన గుండ్రటి రంధ్రం, దాని చుట్టూ ఎర్ర, ఆకుపచ్చ, పసుపు లక్క. నేను ఈ వ్యాసం రాస్తున్న బల్ల ఆ కిటికీ పక్కనే ఉంది. తల ఎత్తినప్పుడల్లా అది నా దిక్కే చూస్తోంది.